మన మిద్దెకు ఎంత సూర్యశక్తి చాలును?

(పళ్ళికొండలో జరిగిన తల్లిదండ్రుల సమావేశమున చేసిన ఉపన్యాసము)



పళ్ళికొండ యనగా శ్రీరంగనాథస్వామి పవళించిన ఊరు. స్వామి శయనించియున్నను ఈ ఊరి సూర్యునకు మాత్రము విశ్రాంతి యున్నట్లు కనబడదు. రాయవేలూరు, గుడియాత్తము ప్రాంతములలో కత్తిరి యెండలు ఎట్లుండునో మీకు నేను చెప్పనక్కరలేదు. ఇన్నాళ్లు ఆ యెండ మన ఇండ్లలో వడియములకు, మిరపకాయలకు, ఉతికిన బట్టలకు ఉపకరించినది. ఇప్పుడు మిద్దెమీద ప్యానెళ్లు పరచి దానినే కరెంటుగా మార్చుకొనుచున్నారు. (మనము మిద్దె యందుము, ఇరుగుపొరుగువారు మొట్టైమాడి యందురు. ఎండకు రెండును ఒకటే.)

కరెంటు పనిలో చాలకాలము గడపినవాడను గనుక, బడి వాకిట నిలిచిన తల్లిదండ్రులు నన్ను తరచుగ నడుగు ప్రశ్న ఒకటి కలదు. "అయ్యా, మా యింటికి ఎన్ని కిలోవాట్లు వేయించవలెను?" అని. ఇందులో కొందరికి అంగడివారు ముందే జవాబు చెప్పియుందురు. "3 కిలోవాట్లు వేయించుడు, బిల్లు సున్న యగును" అని కరపత్రములో అచ్చువేసి ఇంటింటికి పంచిపోయిరి. ఇంటిని చూడక, బిల్లును చూడక, అందరికిని ఒకే కొలత చెప్పుట దర్జీ అందరికిని ఒకే చొక్కా కుట్టినట్లుండును.

ఇది ఆలోచింపదగిన విషయమని నేననుటకు కారణమున్నది. ఈ సభలో మగ్గము నేయువారున్నారు, చిన్న అంగడి నడుపువారున్నారు, తెల్లవారకమునుపే రైలెక్కి చెన్నపట్నమునకో బెంగుళూరునకో పనికి పోవువారున్నారు. మనవంటివారికి లక్ష రూపాయలనగా బిడ్డ కాలేజీలో చేరునప్పుడు కట్టవలసిన సొమ్ము. దానిని తీసి మిద్దెమీద పెట్టునప్పుడు ఎంత పెట్టవలెనో ఎరిగి పెట్టుట మంచిది.

మొదట రెండు మాటలకు భేదము తెలియవలెను. కిలోవాటు వేరు, యూనిటు వేరు. కొళాయి నుండి ధార ఎంత లావుగ పడుచున్నదో అది కిలోవాటు. గంటసేపు విడిచిన తరువాత బిందెలో ఎంత నీరు చేరినదో అది యూనిటు. 1000 వాట్ల ఇస్త్రీపెట్టె గంటసేపు వాడినచో ఒక యూనిటు. 9 వాట్ల ఎల్.ఇ.డి. బల్బు అదే ఒక్క యూనిటుతో 111 గంటలు వెలుగును. మనకు బిల్లు వచ్చునది యూనిట్లకు, అంగడివారు అమ్మునది కిలోవాట్లను. ఈ రెంటిని కలుపు లెక్క తెలియనివారు మోసపోవుటలో ఆశ్చర్యము లేదు.

ఆ లెక్క యిది. మన ప్రాంతమున మంచి దిశలో, నీడ పడక పెట్టిన 1 కిలోవాటు ప్యానెళ్లు ఏడాది మొత్తముమీద సగటున దినమునకు 4 యూనిట్లు ఇచ్చునని పెట్టుకొనవచ్చును. అంతకంటె కొంచెము ఎక్కువయే రావచ్చును గాని, దుమ్ము, ఉక్క, ఇన్వర్టరులో పోవునది అన్నియు తీసివేసి 4 అనుకొనుట క్షేమము. అనగా రెండు నెలల బిల్లుకాలమునకు 240 యూనిట్లు. ఫాల్గుణ చైత్రములలో దినమునకు 5 వరకు వచ్చును. ఆశ్వయుజ కార్తికములలో ఈశాన్యపు వానలు పట్టినప్పుడు ఒకటి రెండు యూనిట్లతో సరిపెట్టుకొనవలసిన దినములుండును. ఒక దినపు లెక్క చూచి మురియుటకును లేదు, చింతించుటకును లేదు. ఏడాది లెక్కయే లెక్క.

ఇచ్చట చాలమందికి ఒక భ్రమ కలదు. ఎండ మండినకొలది కరెంటు ఎక్కువ వచ్చునని తలచెదరు. ప్యానెలుకు కావలసినది వెలుగు గాని వేడి కాదు. కర్మాగారములో ప్యానెలును 25 డిగ్రీల వేడివద్ద పరీక్షించి దాని వాట్లను నిర్ణయింతురు. అంతకు మించిన ఒక్కొక్క డిగ్రీకి దాని శక్తి నూటికి సుమారు 0.35 వంతున తగ్గును. వైశాఖమాసపు మిట్టమధ్యాహ్నమున మన మిద్దెమీద ప్యానెలు 65 డిగ్రీలవరకు కాగుట వింతగాదు. నలువది డిగ్రీలు ఎక్కువ, కాబట్టి నూటికి 14 వంతులు తక్కువ. అందుచేతనే ప్యానెళ్లను గచ్చుకు ఆనించి పరచక, క్రింద గాలి ఆడునట్లు కాళ్లమీద ఎత్తి నిలుపవలెను.

ఇక మన యింటికి ఎంత కావలెనో తెలిసికొనుటకు పండితుడు అక్కరలేదు. ఇ.బి. వారు రెండు నెలలకొకసారి లెక్క తీయుదురు గనుక ఏడాదికి ఆరు బిల్లులు. ఆ ఆరు కాగితములు వెదకి తీయుడు. లేనిచో కనెక్షను నంబరు వేసి చూచినచో పాత లెక్కలు కనబడును, మీ పిల్లలే చూపగలరు. రూపాయలు చూడవలదు, యూనిట్లు చూడుడు.

ఒక ఇంటిని ఊహింతము. భార్యాభర్తలు, ఇద్దరు బిడ్డలు, ఒక అవ్వ. ఫ్రిజ్జు, నాలుగు ఫ్యాన్లు, టీవీ, మిక్సీ, గ్రైండరు, నీళ్ల మోటారు, వేసవిలో మాత్రము నడుచు ఒక ఏ.సి. జనవరి ఫిబ్రవరులలో 380 యూనిట్లు, మార్చి ఏప్రిలులలో 560, మే జూనులలో 720, జూలై ఆగస్టులలో 520, సెప్టెంబరు అక్టోబరులలో 460, నవంబరు డిసెంబరులలో 360. కూడినచో 3000 యూనిట్లు. 365 చేత భాగించిన దినమునకు 8 యూనిట్లకు కొంచెము పైన. దానిని 4 చేత భాగించిన 2. ఈ యింటివారు ఏడాదిలో వాడునదంతయు ఎండనుండియే రావలెననిన 2 కిలోవాట్లు చాలును. కరపత్రములోని 3 ఎచ్చటనుండి వచ్చినదో వారినే అడుగవలెను.

అయితే ఈ లెక్క సగము మాత్రమే. పగలు మనము వాడుకొనక మిగిలిన కరెంటు తీగెలోనికి పోవును, రాత్రి మనకు కావలసినది తీగెనుండి వచ్చును. వచ్చినదానినుండి పోయినదానిని తీసివేసి, మిగిలినదానికి ఇ.బి. వారు బిల్లు వేయుదురు. ఆ బిల్లు అన్ని యూనిట్లకు ఒకే వెల కాదు. 2016 మే మాసమున తమిళనాడు ప్రభుత్వము ఇండ్లకు రెండు నెలలకు మొదటి 100 యూనిట్లను వెల లేకుండ ఇచ్చుట ప్రారంభించినది. 2024 జూలై నాటి పట్టికలో 400 యూనిట్లవరకు యూనిటు 4 రూపాయల 80 పైసలు. ఆపైన 500 వరకు 6 రూపాయల 45 పైసలు, 600 వరకు 8 రూపాయల 55 పైసలు, ఇట్లు మెట్టుమెట్టునకు ఎక్కి, 1000 దాటిన యూనిటు 11 రూపాయల 80 పైసలు. ఈ పట్టిక ఎప్పటికప్పుడు మారునదే, అంకెలు మారినను మెట్ల పద్ధతిని గమనింపుడు. తుది యూనిట్లు మిక్కిలి ప్రియము, మొదటివి చవుక లేక ఉచితము.

ప్యానెలు తినివేయునది పైమెట్టునుండి. ఇందులోనే అసలు రహస్యమున్నది. మనము ఊహించిన యింటికి సగటు బిల్లు 500 యూనిట్లు. ప్రభుత్వ రాయితీలు, ఇతర రుసుములు విడిచి, మొదటి 100 మాత్రము ఉచితముగ తీసివేసి, 2024 పట్టిక ప్రకారము చూడగా ఆ బిల్లు 2085 రూపాయలు. 1 కిలోవాటు వేసినచో 240 యూనిట్లు తగ్గి 260 మిగులును, బిల్లు 768 రూపాయలు. మొదటి కిలోవాటు మిగిల్చినది 1317 రూపాయలు. రెండవ కిలోవాటు వేసినచో మిగులునది 20 యూనిట్లు, అవి ఉచితపు నూరులోనివే. రెండవ కిలోవాటు మిగిల్చినది 768 రూపాయలు. అందులోను అది తినిన 240 యూనిట్లలో 80 మనకు ఊరకే వచ్చునవి! ఇక మూడవ కిలోవాటు వేసినచో బిల్లులో తగ్గుటకు ఏమియు మిగిలియుండదు. ఎక్కువైన యూనిట్లు తరువాతి బిల్లునకు జమ యగును, ఆ జమను వాడుకొను వేళ ఆ యింటికి రాదు.

ఖర్చువైపు చూతము. కేంద్రప్రభుత్వము 2024 ఫిబ్రవరిలో ప్రారంభించిన పి.ఎం. సూర్యఘర్ పథకములో మొదటి రెండు కిలోవాట్లకు ఒక్కొక్కదానికి 30,000 రూపాయలు, మూడవదానికి 18,000 రూపాయలు సహాయముగ నిర్ణయించిరి. ఎన్ని కిలోవాట్లు వేసినను 78,000కు మించదు. ఆ పథకము లెక్కగట్టిన ఖరీదు మొదటి రెండింటికి కిలోవాటునకు 50,000, మూడవదానికి 45,000. అనగా మన చేతినుండి పోవునది మొదటిదానికి 20,000, రెండవదానికి 20,000, మూడవదానికి 27,000. అంగడిలో ఖరీదు ఇంతకంటె ఎక్కువగనే యుండుట సహజము, అయినను పోలిక చూచుటకు ఈ అంకెలు చాలును. మొదటిది ఏడాదికి 7902 రూపాయలు మిగిల్చి రెండున్నర యేండ్లలో తన ఖరీదు తాను తీర్చుకొనును. రెండవది ఏడాదికి 4608 మిగిల్చి నాలుగేండ్లు దాటి తీర్చుకొనును. మూడవది, అందరికంటె ఎక్కువ ఖరీదు పెట్టినది, ఈ యింట తీర్చుకొనుటయే లేదు. అప్పుచేసి వేయించినచో వడ్డీ వేరు.

కాబట్టి నా అభిప్రాయము చెప్పెదను. బిల్లు సున్న యగుట అనునది వినుటకు ఇంపుగ నుండును, మంచి లక్ష్యము కాదు. ప్రియమైన పైమెట్లను కోసివేసి, చవుకగ వచ్చు మొదటి యూనిట్లను ఇ.బి. వద్దనే కొనుట గృహస్థునకు లాభము. ఊహించిన యింటివారికి చేతిలో సొమ్ము తక్కువగ నున్నచో 1 కిలోవాటుతో ఆగినను నామోషీ లేదు. కొంచెము సౌకర్యముగ నున్నచో 2 కిలోవాట్లు. అంతే.

ఇంకొక మాట, ఇది కొందరికి రుచింపకపోవచ్చును. రెండు నెలలకు 200 యూనిట్లలోపు వాడు ఇండ్లు ఈ సభలో చాల ఉన్నవి. 180 యూనిట్లు వాడు ఇంట ఖరీదు కట్టవలసినవి 80. రాయితీ లేదనుకొన్నను అది 384 రూపాయలు, 2024లో ప్రభుత్వరాయితీతో అందులో సుమారు సగము. అట్టి ఇల్లు చేతినుండి 20,000 రూపాయలు పెట్టి 1 కిలోవాటు వేయించినచో సొమ్ము తిరిగివచ్చుటకు తొమ్మిదేండ్లనుండి పదునెనిమిదేండ్లవరకు పట్టును. ఆ సొమ్ము బిడ్డ పేర పోస్టాఫీసులో వేయుడు. ఉచితముగ ఏదైన వచ్చుచున్నదని పొరుగువారు వేయించిరి గనుక మనమును వేయింపవలె ననుకొనుట తగదు.

వేయించదలచినవారును ప్యానెళ్లు కొనకమునుపు ఫ్యాన్లను చూడవలెను. పాత ఫ్యాను 75 వాట్లు తినును. ఇప్పుడు వచ్చుచున్న బి.ఎల్.డి.సి. ఫ్యాను సుమారు 30 వాట్లతో అంతే గాలి ఇచ్చును. నాలుగు ఫ్యాన్లు దినమునకు 12 గంటల చొప్పున తిరిగినచో మిగులునది 2 యూనిట్లకు పైన. అది అర కిలోవాటు ప్యానెళ్లు దినమంతయు ఎండలో నిలిచి చేయు పని! అదియు మిద్దెలో చోటు అడుగదు, మబ్బుపట్టిన దినమునకూడ తగ్గదు. 2011 తరువాత తమిళనాడు ప్రభుత్వము ఇంటింటికి పంచిన మిక్సీ, గ్రైండరు, ఫ్యానులలో ఇంకను తిరుగుచున్నవి గలవు. మిక్సీని, గ్రైండరును మార్చనక్కరలేదు, అవి తిరుగునది కొద్దిసేపే. ఎక్కువ వాట్లు తినునదానికంటె ఎక్కువసేపు నడచునదియే బిల్లు పెంచును. ఫ్రిజ్జు తలుపు రబ్బరు వదులైనదేమో, నీళ్ల మోటారు ట్యాంకు నిండి పొరలువరకు నడచుచున్నదేమో చూడుడు. మగ్గపు గుంటలో కూర్చొని నేయు ఇండ్లలో పాత గొట్టపుదీపములు తీసి ఎల్.ఇ.డి. పెట్టినచో వెలుగును పెరుగును, బిల్లును తగ్గును.

అట్లే రాబోవు ఖర్చును లెక్కలోనికి తీసికొనవలెను. వచ్చే వేసవికి ఏ.సి. కొనదలచినవారు, ఒకటిన్నర టన్నుల దానికి గంటకు సుమారు ఒక యూనిటు చొప్పున, రాత్రి ఆరు గంటలు, నూరు రాత్రులు అనుకొనుడు. 600 యూనిట్లు, అనగా అర కిలోవాటునకు కొంచెము తక్కువ. విద్యుత్ స్కూటరు కొనువారు దినమునకు 30 కిలోమీటర్లు తిరిగినచో ఒక యూనిటు అనుకొనుడు, కాలు కిలోవాటు. రాణిపేటలో, కృష్ణగిరి జిల్లాలో అట్టి స్కూటర్ల కర్మాగారములు 2021లో వెలసినవి, మన పిల్లలు వానిని అడుగకమానరు. ఇట్టివి నిశ్చయముగ వచ్చునవి మాత్రమే కలుపుడు. "ఎప్పుడైన" వచ్చునవి కలిపినచో ఐదు కిలోవాట్లయినను చాలవు.

ఇప్పుడు అందరికంటె ఎక్కువమంది మోసపోవు చోటికి వచ్చుచున్నాను. నాకు తెలిసిన యొక కుటుంబమువారు కరెంటు పోయినప్పుడు బిడ్డల చదువు ఆగరాదని 5 కిలోవాట్లు వేయించిరి. మొదటిసారి కరెంటు పోయినది మిట్టమధ్యాహ్నము. మిద్దెమీద ఎండ పేలిపోవుచున్నది, ఇంటిలో ఫ్యాను తిరుగుట లేదు. ఇన్వర్టరు చెడినదని అమ్మినవారిని పిలిపించిరి. అది చెడలేదు. తీగెతో కలిసి నడచు ఏర్పాటు, బాటరీ లేనిది, తీగెలో కరెంటు పోయిన క్షణమున తానును ఆగిపోవునట్లే చేయబడియుండును. ఎందుకనగా స్తంభమెక్కి పనిచేయు మనిషి తీగె చచ్చినదనుకొని తాకును. మన మిద్దెనుండి కరెంటు దానిలోనికి పారుచున్నచో అతని ప్రాణము పోవును. కాబట్టి ఆ నియమము న్యాయమైనదే. అమ్మునప్పుడు ఆ సంగతి చెప్పకపోవుట మాత్రము న్యాయము కాదు.

బిల్లు తగ్గించుకొనుట ఒక పని, కరెంటు పోయినప్పుడు దీపము వెలుగుట మరియొక పని. రెండింటి కొలతలు వేరు. మొదటిదానికి ఆరు బిల్లులు చూడవలెను. రెండవదానికి చీకటిలో ఏవి నడువవలెనో, ఎంతసేపు నడువవలెనో చూడవలెను. రెండు పాత ఫ్యాన్లు 150 వాట్లు, మూడు బల్బులు 27, ఇంటర్నెట్టు పెట్టె 13 అనుకొన్నచో మొత్తము 190 వాట్లు. నాలుగు గంటలకు 760 వాట్-గంటలు. ఇన్వర్టరులో పోవునది కలిపిన 900. అంగడిలో సామాన్యముగ దొరుకు 150 ఆంపియర్-గంటల, 12 వోల్టుల బాటరీలో 1800 వాట్-గంటలు పట్టును, కాని సీసపు బాటరీని సగమునకు మించి ఖాళీ చేసినచో త్వరగ చచ్చును. వాడదగినది 900. సరిగ్గ సరిపోయినది. అవే ఫ్యాన్లు కొత్తవైనచో మొత్తము 100 వాట్లకు దిగి, అదే బాటరీ ఏడు గంటలు వచ్చును. తెల్లవారుజామున పరీక్షకు చదువు బిడ్డకు ఈ భేదము తెలియును.

2012 ప్రాంతమున ఈ రాష్ట్రమున గంటల తరబడి కరెంటు కోతలుండిన సంగతి పెద్దలు మరువలేదు. ఆ దినములలో కొన్న ఇన్వర్టరు బాటరీలు మన ఇండ్లలో చాలచోట్ల ఇంకను మూలన ఉన్నవి. అట్టివి పనిచేయుచున్నచో వానిని అట్లే యుంచుడు. బిల్లు కొరకు బాటరీ లేని ప్యానెళ్లు, చీకటి కొరకు పాత ఇన్వర్టరు. రెండును చేయు హైబ్రిడ్ ఇన్వర్టరు మంచిదే కాని ఖరీదు ఎక్కువ, బాటరీ ఖరీదు దానిపైన. కోతలు నెలకొకసారి గంటసేపు వచ్చు వీధిలో దానికి అంత సొమ్ము పెట్టుట నాకు సబబుగ తోచదు. రాత్రంతయు ఊపిరి యంత్రము నడువవలసిన రోగి యున్న ఇల్లు వేరు, అచ్చట ఖరీదు చూడరాదు.

కొలత తప్పినచో ఏమగునో చెప్పు ఉదాహరణములు మన దేశమున రెండు చూపెదను. తమిళనాడు ప్రభుత్వము 2011–12లో ముఖ్యమంత్రి సౌరవిద్యుత్ పసుమై ఇండ్ల పథకమును ప్రారంభించి, పల్లెలలో బీదలకు 300 చదరపు అడుగుల ఇండ్లు ఏటికి 60,000 చొప్పున కట్టించి, ఒక్కొక్క ఇంటికి ఎండతో వెలుగు ఐదు దీపములు ఇచ్చినది. దీపములకు కొలిచి ఇచ్చినది గనుక దీపములకే చాలును. ఆ యింట తరువాత ఫ్యాను, టీవీ వచ్చిచేరినప్పుడు అవి ఇ.బి. తీగెమీద నడువవలసినదే. ఇది తప్పు కాదు, తెలిసి చేసిన కొలత. రెండవది బీహారులోని ధర్నయి గ్రామము. 2014లో ఆ యూరికంతటికి 100 కిలోవాట్ల సౌరకేంద్రము కట్టిరి. దీపములకు, ఫ్యాన్లకు సరిపడునట్లు లెక్కగట్టినదానిమీద జనము టీవీలు, ఫ్రిజ్జులు నడుపగోరిరి. బాటరీలు కొన్ని యేండ్లకే అలసినవి. అంతలో ప్రభుత్వపు తీగె చవుకగ రాగా ఊరు దానివైపే మళ్లినది. కట్టినవారి లెక్కలోని అవసరము ఒకటి, వాడువారి మనసులోని అవసరము మరియొకటి. ఇంటిలోకూడ అట్లే, లెక్క వేయునప్పుడు ఇంటి ఆడవారిని అడుగని మగవాని లెక్క నిలువదు. ఏ యంత్రము ఎప్పుడు ఎంతసేపు నడచునో వారికి తెలిసినట్లు మనకు తెలియదు.

ఇక మిద్దె సంగతి. సూర్యుని వెలుగును నేరుగ కరెంటుగా మార్చు సిలికాను పలకను 1954లో అమెరికాలోని బెల్ ప్రయోగశాలలో చూపినప్పుడు అది తనపై పడిన వెలుగులో నూటికి 6 వంతులు మాత్రమే కరెంటుగా మార్చినది. నేటి ప్యానెళ్లు 20 వంతులు దాటినవి. అందుచేత 2 కిలోవాట్లకు 540 వాట్లవి నాలుగు ప్యానెళ్లు చాలును. నడచుటకు, కడుగుటకు దారితో కూడ 200 చదరపు అడుగులు అనుకొనుడు. వ్రాసి ఇచ్చు ఖరీదు కాగితములో ప్యానెళ్ల సంఖ్యను వాట్లతో గుణించి, చెప్పిన కిలోవాట్లు వచ్చినవో లేదో మీరే చూచుకొనుడు. మీ పిల్లలకు ఇది నాలుగవ తరగతి లెక్క.

మన యూరు సుమారు 13 డిగ్రీల ఉత్తర అక్షాంశమున నున్నది గనుక ప్యానెళ్లను దక్షిణమునకు మొగముగ, ఆ 13 డిగ్రీల వాలుతో పెట్టుట మేలు. ఏప్రిలు నెలాఖరునుండి ఆగస్టు మూడవ వారమువరకు మధ్యాహ్నసూర్యుడు మనకు ఉత్తరముగ జరుగును, డిసెంబరులో దక్షిణమున బాగుగ వాలి 54 డిగ్రీల ఎత్తున నుండును. కాబట్టి వేసవిలో నీడలేదని చూచి పెట్టించిన చోట మార్గశిరమున పొరుగువారి నీళ్లట్యాంకు నీడ పడవచ్చును. పాలారు ఒడ్డున కొబ్బరిచెట్లకు కొదువ లేదు. ఒక్క మట్టనీడ ఒక్క ప్యానెలుమీద పడినను వరుసలోని తక్కినవి కూడ కుంటుపడును. నీడలో 3 కిలోవాట్లకంటె ఎండలో 2 మేలు. పొరుగు స్థలము ఖాళీగ నున్నచో రేపు అచ్చట మేడ లేచునని తలచియే చోటు ఎన్నుకొనుడు. హైవే దుమ్ము పడు ఇండ్లవారు పదునైదు దినములకొకసారి ఉదయము చల్లని వేళ కడుగుకొనవలెను. ఉప్పునీటి బోరుతో కడిగినచో తెల్లని చారలు నిలుచును గనుక మెత్తని గుడ్డతో తుడువవలెను.

బిల్లులో మీకు మంజూరైన లోడు ఎన్ని కిలోవాట్లో వ్రాసియుండును. దానిని మించి ప్యానెళ్లు పెట్టదలచినచో ముందుగ ఇ.బి. ఆఫీసులో విచారింపుడు. అద్దె ఇంటివారు యజమానితో వ్రాతమూలకముగ మాటాడక ఒక్క మేకు కొట్టింపరాదు. మిద్దె గచ్చుకు బెజ్జములు వేయించినచో వానలకుముందే నీరు దిగకుండ కప్పించవలెను. పిడుగునుండి కాపాడు ఎర్తు తీగె ఇంటి ఎర్తునకు వేరుగ వేయించవలెను, ఖరీదు తగ్గించుటకై దీనిని మానిపించువారి మాట వినవలదు.

పిల్లలకు ఒక పని చెప్పి విరమించెదను. ఎనిమిదవ తరగతినుండి పైవారు ఒక వారము దినములు ఉదయము ఆరు గంటలకు, సాయంకాలము ఆరు గంటలకు ఇంటి మీటరులోని అంకెను నోటుబుక్కులో వ్రాసి, తీసివేత వేసి, పగలు ఎంత, రాత్రి ఎంత వాడుచున్నారో తెలిసికొనవలెను. ఆ పుస్తకముతోపాటు ఆరు బిల్లులు తెచ్చినచో ఏ యింటికి ఎంత చాలునో, లేక ఏమియు అక్కరలేదో, వారి తల్లిదండ్రులతో కూర్చొని లెక్కవేసి చూపుటకు నేను సిద్ధముగ నున్నాను.